పీజీ చదువుకీ, డిజైన్ పనికీ ఒకే లాప్‌టాప్: డబ్బు ముందు దేనికి పెట్టాలి?

పగలంతా పీడీఎఫ్‌లు చదవడం, నోట్స్ రాసుకోవడం, ఇరవై ట్యాబ్‌లు తెరుచుకుని రిఫరెన్సులు వెతకడం. సాయంత్రం నుంచి ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, ఫిగ్మా. పీజీలోనో పీహెచ్‌డీలోనో చేరి, దాంతోపాటు డిజైన్ పనీ చేసేవాళ్ల రోజు ఇలాగే గడుస్తుంది. లాప్‌టాప్ కొనేటప్పుడు చిక్కు వచ్చేది కూడా ఇందుకే. చదువుకి కావాల్సింది తేలిగ్గా ఉండి, ఛార్జింగ్ రోజంతా నిలిచే మెషిన్. డిజైన్ అనగానే ఎదుటివాళ్లు చూపించేది బరువైన గేమింగ్ లాప్‌టాప్. ఎటూ తేల్చుకోలేక చివరికి ఎవరో చెప్పిన మోడల్ కొనేసి, ఆరు నెలలకే బాధపడినవాళ్లను చాలామందిని చూశాను.

ఎవరు అడిగినా నేను చెప్పే లెక్క ఒకటే. కొన్నాక మార్చలేని వాటికి ముందు డబ్బు పెట్టండి. తర్వాత చేర్చుకోగలిగేవి ఇప్పుడు కాస్త తక్కువున్నా ఫర్వాలేదు.

తెర మార్చలేం. పలచటి లాప్‌టాప్‌లలో ర్యామ్ ఇప్పుడు మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి వస్తోంది కాబట్టి చాలా వాటిలో అదీ మార్చలేం. బరువు, కీబోర్డు కూడా అంతే. స్టోరేజీ చాలకపోతే బయటి ఎస్‌ఎస్‌డీ తెచ్చుకోవచ్చు. బొమ్మలు గీయాలంటే పెన్ ట్యాబ్లెట్ కొనుక్కోవచ్చు. గదిలో పెద్ద మానిటర్ పెట్టుకోవచ్చు. బాగా బరువైన రెండరింగ్ ఉంటే డిపార్ట్‌మెంట్ సర్వర్ మీదో, గంటల లెక్కన అద్దెకిచ్చే క్లౌడ్ మెషిన్ మీదో నడుపుకోవచ్చు. కొనేచోట మనకి చూపించే వరస మాత్రం దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. ముందు ప్రాసెసర్ పేరు, తర్వాత గ్రాఫిక్స్ కార్డు, ఆ తర్వాత 1 టీబీ స్టోరేజీ. తెర గురించి మనం అడిగితే తప్ప ఎవరూ నోరు విప్పరు.

అన్నిటికంటే ముందు తెర

నా మొదటి లాప్‌టాప్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ అప్పటికి మంచివే. దాని మీద ఒక సెమినార్‌కి పోస్టర్ చేశాను. వెనక లేత మీగడ రంగు, దాని మీద ముదురు గోధుమ రంగు అక్షరాలు. నా తెర మీద మీగడ రంగు వెలిసిపోయి దాదాపు తెల్లగా కనిపించింది. సరిపోలేదనుకుని పసుపు పెంచాను. ఇంకా చాలదనిపించి మరికాస్త పెంచాను. ప్రింట్ చేతికొచ్చాక చూస్తే కాగితమంతా పసుపు పూసినట్టుంది. అందులో ఉన్నవాళ్ల ముఖాలు కందిపోయినట్టు ఎర్రగా పడ్డాయి. తప్పు ప్రింటర్‌దేమో అనుకుని అదే ఫైలు వేరేవాళ్ల మానిటర్ మీద తెరిచి చూశాను. అచ్చం ప్రింట్‌లో ఉన్నట్టే ఉంది. రంగులు తప్పు చూపించింది నా తెరే.

అప్పుడు ఆ మోడల్ వివరాల కాగితం మొత్తం చదివితే ఒక మూల 45% ఎన్‌టీఎస్‌సీ అని ఉంది. ఆ మాట అర్థమేంటో తెలిసుంటే ఆ లాప్‌టాప్ కొనేవాడినే కాదు. ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి కలర్ టీవీ ప్రమాణం. అందులోని రంగుల్లో తెర ఎంత భాగం చూపించగలదో ఆ శాతం చెబుతుంది. ఇంటర్నెట్‌లో మనం చూసే బొమ్మలు, డిజైన్ ఫైళ్లలో ఎక్కువ భాగం ఎస్‌ఆర్‌జీబీ అనే ప్రమాణంలో ఉంటాయి. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తయారుచేసిన ప్రమాణం అది. 72% ఎన్‌టీఎస్‌సీ అంటే దాదాపు 100% ఎస్‌ఆర్‌జీబీతో సమానం. 45% అంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడో వంతుకు పైగా ఆ తెర చూపించలేదని అర్థం. చూపించలేని రంగుని అది దగ్గర్లో ఉన్న వెలిసిన రంగుతో సరిపెడుతుంది. మనకి అది తెలియదు కాబట్టి రంగు ఇంకా ఇంకా పెంచుతూ పోతాం.

అందుకని 45% ఎన్‌టీఎస్‌సీ, 62% ఎస్‌ఆర్‌జీబీ, 65% ఎస్‌ఆర్‌జీబీ అని కనిపిస్తే మిగతా వివరాలు ఎంత ఊరించినా ఆ లాప్‌టాప్ వద్దు. డిజైన్ పనికి 100% ఎస్‌ఆర్‌జీబీ ఉండి తీరాలి. వెబ్, యాప్ డిజైన్, సోషల్ మీడియా బొమ్మలు, మామూలు ప్రింట్ పనులకి అది చాలు. వీడియో పని, ఫొటోల మీద లోతైన పని ఉన్నవాళ్లు డిజిటల్ సినిమా కోసం వచ్చిన రంగుల ప్రమాణం డీసీఐ-పీ3 కూడా చూసుకోండి. ఎస్‌ఆర్‌జీబీ కంటే దాని పరిధి సుమారు 25% పెద్దది.

ఇక్కడ చాలామంది మోసపోయే సంగతి ఒకటుంది. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల తెరలు వస్తాయి. ఒక రివ్యూలో ఓఎల్‌ఈడీ తెర ఉన్న రకాన్ని పొగుడుతారు. మనం తక్కువ ధరకి దొరికిందని తెచ్చుకునే రకంలో 45% తెర ఉంటుంది. అందుకే పేరు చూసి కొనవద్దు. అక్షరాలు, అంకెలు కలిసుండే పూర్తి మోడల్ నంబర్ తీసుకుని, తయారీదారు సైట్‌లో ఆ నంబర్‌కి ఏ తెర వస్తుందో చూసుకోండి. పది నిమిషాల పని. దాని ఫలితం మూడు నాలుగేళ్లు ఉంటుంది.

ఐపీఎస్సా, ఓఎల్‌ఈడీయా?

ఓఎల్‌ఈడీ తెర పక్కన ఐపీఎస్ (వెనక నుంచి లైటు పడే ఎల్‌సీడీ తెరల్లో ఒక రకం) పెట్టి చూస్తే ఎవరి కళ్లయినా ఓఎల్‌ఈడీ వైపే పోతాయి. ప్రతి పిక్సెల్ దానంతట అదే వెలుగుతుంది కాబట్టి నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. డీసీఐ-పీ3 దాదాపు మొత్తం చూపిస్తుంది. డిజైన్ ఒక్కటే పని అయితే నేనూ దాన్నే తీసుకోమంటాను. చదువు కూడా తోడైనప్పుడు మూడు విషయాలు తూచుకోవాలి.

మొదటిది ఛార్జింగ్. తెల్లటి పేజీ చూపించడానికి ఓఎల్‌ఈడీ ఎక్కువ కరెంటు తింటుంది. పరిశోధన చేసేవాళ్లు రోజంతా చూసేది తెల్లటి పేజీలే కదా. రెండోది కళ్ల సంగతి. చాలా ఓఎల్‌ఈడీ తెరలు వెలుతురు తగ్గించడానికి చాలా వేగంగా ఆరిపోతూ వెలుగుతూ ఉంటాయి. అది కొందరికి అసలు తెలియదు. కొందరికి మాత్రం రెండు గంటలు చదివేసరికి తలనొప్పి మొదలవుతుంది. మీరు ఏ కోవలోవారో కొనకముందే చూసుకోవాలి. తెర వెలుతురు నాలుగో వంతుకి తగ్గించి, ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి తెర వైపు చూపించండి. నల్లటి చారలు గట్టిగా పరిగెడుతుంటే ఆ తెర మెరుస్తూ ఆరుతోందని అర్థం. ఇదివరకు కొన్ని ఫోన్లు చూసి తలనొప్పి వచ్చిన అనుభవం ఉంటే జాగ్రత్తపడండి. మూడోది, ఫొటోషాప్ టూల్‌బార్, కింది టాస్క్‌బార్ లాంటివి ఏళ్ల తరబడి ఒకేచోట ఉంటే వాటి మచ్చ తెర మీద మిగిలిపోయే అవకాశం. జాగ్రత్తగా వాడితే ఇది పెద్ద భయం కాదు.

రోజుకి ఆరేడు గంటలు చదివి, రెండు గంటలు డిజైన్ చేసేవాళ్లకి మంచి ఐపీఎస్ తెరే మేలని నా అభిప్రాయం. ఆ నిష్పత్తి తిరగబడితే ఓఎల్‌ఈడీ.

రంగులు ఎక్కువ చూపించే తెరకి విండోస్‌లో ఇంకో ఇబ్బంది ఉంది. ఫొటోషాప్ లాంటివి కలర్ ప్రొఫైల్ (రంగులు ఏ ప్రమాణంలో ఉన్నాయో చెప్పే సమాచారం) చూసి రంగుల్ని సరిగ్గానే చూపిస్తాయి. ఆ పని చేయని సాఫ్ట్‌వేర్లలో మాత్రం ఎస్‌ఆర్‌జీబీ బొమ్మలు అవసరానికి మించి ముదురుగా కనిపిస్తాయి. కంపెనీ ఇచ్చే డిస్‌ప్లే సెట్టింగుల్లో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటే పని చేసేటప్పుడు దాన్ని ఆన్ చేసుకోవాలి. మ్యాక్‌లో సిస్టమ్ మొత్తానికీ కలర్ మేనేజ్‌మెంట్ ఉంటుంది కాబట్టి ఈ తలనొప్పి తక్కువ.

మిగతా కొలతలు త్వరగా చెప్పేస్తాను. వెలుతురు 300 నిట్స్‌కి తగ్గకూడదు. కిటికీ పక్కన కూర్చుని పని చేసేవాళ్లకి 400 నుంచి 500 ఉంటే హాయి. తెర ఆకారం 16:9 కంటే 16:10 మంచిది, చదివేటప్పుడు ప్రతి పేజీలో రెండు మూడు వరుసలు ఎక్కువ కనిపిస్తాయి. 14 అంగుళాల తెరకి 1920×1200 కనీసం అనుకుంటే, అక్షరాలు నున్నగా కనిపించాలంటే 2560×1600 దగ్గర ఉండాలి. 120 హెర్ట్జ్, అంటే సెకనుకి 120 సార్లు మారే తెర ఉంటే స్క్రోలింగ్ బాగుంటుంది, లేకపోతే పని ఆగదు.

ర్యామ్: పోస్టర్ లెక్క

ఎంత ర్యామ్ కావాలో ఊహించడం కంటే లెక్క వేసుకోవడం మంచిది. ఏ4 పేజీని 300 పీపీఐలో, అంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన తెరిస్తే 2480×3508 పిక్సెళ్లు, అంటే సుమారు 87 లక్షలు. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పారదర్శకత కలిపి 4 బైట్లు. పూర్తిగా నిండిన ఒక లేయర్ 35 మెగాబైట్లు తీసుకుంటుంది. ఇరవై లేయర్లు పెట్టినా 700 మెగాబైట్లే. దీనికి ఏ లాప్‌టాప్ అయినా సరిపోతుంది.

ఇప్పుడు సదస్సులకి పరిశోధన విద్యార్థులు చేసే ఏ0 పోస్టర్ తీసుకోండి. 841×1189 మిల్లీమీటర్లు. 300 పీపీఐలో 9933×14043 పిక్సెళ్లు, అంటే దాదాపు 14 కోట్లు. ఒక్క నిండు లేయర్‌కే 560 మెగాబైట్లు. అలాంటివి పది ఉంటే 5.6 జీబీ. వెనక్కి వెళ్లడానికి ఫొటోషాప్ దాచిపెట్టుకునే పాత దశలు వేరే. దాంతోపాటు బ్రౌజర్, రిఫరెన్స్ మేనేజర్, వర్డ్, ఓ వీడియో కాల్. 8 జీబీ ఉన్న మెషిన్ ఈ దశలో ర్యామ్ చాలక డిస్క్‌ని వాడుకోవడం మొదలుపెడుతుంది. బ్రష్ గీత మన చేతి వెనకే అరసెకను ఆలస్యంగా వస్తుంది. సేవ్ నొక్కితే బార్ కదలదు. మర్నాడు సబ్‌మిషన్ ఉన్న రాత్రి ఇది జరిగితే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

అసలు పెద్ద పోస్టర్‌ని ఫొటోషాప్‌లో చేయకూడదు. ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్, అఫినిటీ లాంటి వాటిలో చేస్తే అక్షరాలు, గీతలు పిక్సెళ్లుగా మారకుండా వెక్టర్‌గానే ఉంటాయి, ఫైలూ తేలిగ్గా ఉంటుంది. ఒకవేళ ఫొటోషాప్‌లోనే చేయాల్సి వస్తే, దూరం నుంచి చూసే పోస్టర్‌కి 150 పీపీఐ చాలు. అప్పుడు పిక్సెళ్లు నాలుగో వంతుకి పడిపోతాయి, లేయర్‌కి 140 మెగాబైట్లే అవుతుంది. ఈ ఒక్క అలవాటు కొత్త లాప్‌టాప్ కొన్నంత తేడా తెస్తుంది.

ఫొటోషాప్‌కి కనీసం 8 జీబీ, మంచిగా నడవాలంటే 16 జీబీ లేదా అంతకు మించి కావాలని అడోబే చెబుతోంది. చదువూ డిజైన్ కలిపి చేసేవాళ్లకి కనీసమే 16 జీబీ అని నేనంటాను. మూడు నాలుగేళ్లు వాడాలనుకుంటూ, ర్యామ్ సోల్డర్ చేసిన మోడల్ తీసుకుంటుంటే, వీడియోలో త్రీడీలో చేయి పెట్టే ఉద్దేశం ఉంటే 24 లేదా 32 జీబీకి వెళ్లండి. మ్యాక్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే మెమరీని పంచుకుంటాయి. మ్యాక్‌కి 8 జీబీ చాలన్న మాటని ఈ పనికి నమ్మకండి. యాపిలే 2024 అక్టోబర్ నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌ని 16 జీబీతో మొదలుపెట్టింది. అంతకు ముందువి చాలా వరకు 8 జీబీవే కాబట్టి పాత స్టాక్ కొనేటప్పుడు తప్పకుండా అడగండి.

డబ్బు తగ్గించుకోవాలంటే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగండి, ర్యామ్‌లో దిగకండి. గత రెండు మూడేళ్లలో వచ్చిన కోర్ అల్ట్రా 5, రైజెన్ 5, యాపిల్ ఎం సిరీస్‌లలో ఏదైనా ఈ పనికి సరిపోతుంది. వాటి పై మెట్టుకి పెట్టే డబ్బు ర్యామ్‌కి పెడితే తేడా రోజూ కనిపిస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు నిజంగా అవసరమా?

గ్రాఫిక్ డిజైన్ పేరులోనే గ్రాఫిక్స్ ఉంది కాబట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డు కావాలని చాలామంది అనుకుంటారు. లోగోలు, పోస్టర్లు, పుస్తకాల లేఅవుట్, యాప్ తెరలు, ఫొటోల దిద్దుబాటు వీటికి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ ఇప్పుడు చాలు. ఫిగ్మా అయితే బ్రౌజర్‌లోనే నడుస్తుంది. విడిగా కార్డు కావాల్సింది బ్లెండర్‌లో త్రీడీ రెండరింగ్‌కి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, డావిన్చీ రిజాల్వ్‌లలో బరువైన పనికి, సొంత మెషిన్ మీద ఏఐ మోడళ్లు నడపడానికి. చివరిదానికి ఎన్‌విడియా కార్డే ఎక్కువ ఉపయోగం. ఆ రంగంలో చాలా సాఫ్ట్‌వేర్ ఎన్‌విడియా కార్డుల మీదే నడిచే క్యూడా అనే సాఫ్ట్‌వేర్ వేదిక మీద ఆధారపడి ఉంటుంది. అయితే పెద్ద మోడళ్ల శిక్షణ లాప్‌టాప్ మీద ఎలాగూ అవదు. అది సర్వర్ మీద నడుస్తుంది, లాప్‌టాప్ దానికి తలుపు మాత్రమే.

కార్డు తీసుకోవాల్సిందే అయితే పేరుతో ఆగిపోకండి. ఆర్‌టీఎక్స్ 4060 లాప్‌టాప్ కార్డునే చూడండి. తయారీదారు దానికి 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతైనా కరెంటు కేటాయించుకోవచ్చు. పలచటి లాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో పెట్టిన కార్డు, లావు మెషిన్‌లో పూర్తి వాట్లతో నడిచే అదే పేరున్న కార్డు కంటే చాలా వెనకబడుతుంది. అందుకే టీజీపీ అంకె, అంటే కార్డుకి కేటాయించిన వాట్లు ఎంతో అడగండి. దాంతోపాటు కార్డు సొంత మెమరీ చూడండి. 4050లో 6 జీబీ, 4060లో 8 జీబీ ఉంటాయి. త్రీడీ దృశ్యం ఆ మెమరీలో పట్టకపోతే వేగం ఒక్కసారిగా పడిపోతుంది.

మ్యాకా, విండోసా?

ఈ ప్రశ్న మీద వాదనలకి అంతుండదు. జవాబు మాత్రం మీ కోర్సు సాఫ్ట్‌వేర్ లిస్టులో ఉంటుంది. రెవిట్, త్రీడీఎస్ మ్యాక్స్, సాలిడ్‌వర్క్స్, ఆర్క్‌జీఐఎస్ ప్రో, పవర్ బీఐ డెస్క్‌టాప్ విండోస్ మీదే నడుస్తాయి. ఆర్కిటెక్చర్, ప్రాడక్ట్ డిజైన్, జియాగ్రఫీ చదివేవాళ్లు ఈ లిస్టు చూడకుండా మ్యాక్ కొంటే మొదటి సెమిస్టర్‌లోనే ఇరుక్కుంటారు. ఇప్పటి మ్యాక్‌లలో బూట్ క్యాంప్ లేదు కాబట్టి విండోస్‌ని నేరుగా వేసుకోలేం. అటువైపు మ్యాక్‌లో ఉండే స్కెచ్, ఫైనల్ కట్ ప్రో విండోస్‌కి లేవు. అడోబే సాఫ్ట్‌వేర్లు, ఫిగ్మా, బ్లెండర్, వర్డ్, జొటేరో, ఆర్, పైథాన్, లేటెక్ రెండు చోట్లా బాగానే నడుస్తాయి. అడ్మిషన్ వచ్చిన వెంటనే డిపార్ట్‌మెంట్‌కి ఒక మెయిల్ రాసి ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో అడగండి, సీనియర్లనీ అడగండి. జవాబు వచ్చేదాకా డబ్బు కట్టకండి.

విండోస్‌లో స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్‌లు 2024 జూన్ నుంచి ఎక్కువగా వస్తున్నాయి. ఛార్జింగ్ చాలాసేపు నిలుస్తుంది, వేడి తక్కువ. చదువుకి చక్కగా ఉంటాయి. కానీ పాత పెన్ ట్యాబ్లెట్, రంగులు సరిచేసే కాలిబ్రేటర్, ల్యాబ్ పరికరాల డ్రైవర్లు వీటికోసం ప్రత్యేకంగా రాసినవే ఉండాలి, మామూలు విండోస్ డ్రైవర్లు పనిచేయవు. మీ పరికరాలన్నిటికీ అలాంటి డ్రైవర్లు ఉన్నాయని తేలితేనే వీటి వైపు వెళ్లండి.

ఎవరికి ఏది?

చదువు ఎక్కువ, డిజైన్ టూడీ వరకే అయితే మ్యాక్‌బుక్ ఎయిర్ 16 జీబీ లేదా 24 జీబీ రకాన్ని మించినది నాకు కనిపించదు. 13 అంగుళాలది 1.24 కిలోలే. తెర 2560×1664, 500 నిట్స్, పీ3 రంగులు. ఫ్యాన్ లేదు కాబట్టి లైబ్రరీలో చప్పుడు ఉండదు. అదే దాని లోపం కూడా. అరగంట పాటు ఆగకుండా వీడియో ఎక్స్‌పోర్ట్ చేస్తే వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. రెండు మానిటర్లు పెట్టుకునే ఆలోచన ఉన్నవాళ్లు ఏ తరమో చూసుకోవాలి. ఎం1, ఎం2 ఎయిర్‌లు బయట ఒక్క మానిటర్‌కే సరిపెడతాయి. ఎం3 మూత మూస్తే రెండు నడుపుతుంది. ఎం4 మూత తెరిచే ఉన్నా రెండు నడుపుతుంది.

మోషన్ గ్రాఫిక్స్, వీడియో రోజూ ఉంటే 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో. ఫ్యాన్ ఉంది, 120 హెర్ట్జ్ మినీ ఎల్‌ఈడీ తెర ఉంది, ఎస్‌డీ కార్డు, హెచ్‌డీఎంఐ నేరుగా పెట్టుకోవచ్చు. ప్రొజెక్టర్‌కి కలపడానికి అడాప్టర్ వెతుక్కోనక్కర్లేదు. ప్రెజెంటేషన్ ముందు ఆ వెతుకులాట పడ్డవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. బరువు మాత్రం కిలోన్నర దాటుతుంది.

విండోస్ తప్పనిసరి, త్రీడీ లేదు అంటే 14 అంగుళాల పలచటి లాప్‌టాప్, 100% ఎస్‌ఆర్‌జీబీకి తగ్గని తెర, 32 జీబీ ర్యామ్, యూఎస్‌బీ-సీ ఛార్జింగ్. ఈ రకంలో ఎంచుకోవడానికి మోడళ్లు ఎక్కువ, ధరలో అందుబాటూ ఎక్కువ. తెర విషయంలో పైన చెప్పిన మోడల్ నంబర్ పరీక్ష ఇక్కడే ఎక్కువ అవసరం.

విండోస్‌తో పాటు త్రీడీ కూడా ఉంటే రెండు దారులు. ఒకటి, మంచి తెర ఉన్న గేమింగ్ లేదా క్రియేటర్ లాప్‌టాప్. చాలా వాటి బరువు రెండు కిలోలు దాటుతుంది, ఛార్జర్ ఇటుకలా ఉంటుంది, ఛార్జర్ పీకితే గ్రాఫిక్స్ వేగం పడిపోతుంది. రెండోది నాకు ఎక్కువ నచ్చేది: తేలికైన మామూలు లాప్‌టాప్ ఒకటి, గదిలో గ్రాఫిక్స్ కార్డు ఉన్న డెస్క్‌టాప్ ఒకటి. ఒకే ధరకి డెస్క్‌టాప్ కార్డు లాప్‌టాప్ కార్డు కంటే వేగంగా ఉంటుంది, చల్లగా నడుస్తుంది, రేపు మార్చుకోవచ్చు. రెండేళ్లూ ఒకేచోట ఉండేవాళ్లకి ఇది బాగా కుదురుతుంది. తరచూ గదులు మారేవాళ్లకి మొదటి దారే.

చేత్తో బొమ్మలు గీసేవాళ్లు టచ్, పెన్ ఉన్న టూ-ఇన్-వన్‌ల వైపు చూస్తారు. పీడీఎఫ్‌ల మీద చేత్తో గుర్తులు పెట్టుకోవడానికి అవి ఎంతో బాగుంటాయి. కానీ వెనక స్టాండ్ మీద నిలబడే రకం ఒళ్లో పెట్టుకుని థీసిస్ టైప్ చేయడానికి కుదరదు. మామూలు లాప్‌టాప్‌కి తెర లేని చిన్న పెన్ ట్యాబ్లెట్ కలుపుకోవడం చవక. చేయి ఒకచోట, చూపు ఒకచోట ఉండటం మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది. రెండు మూడు వారాలు రోజూ గీస్తే చేయి కుదురుకుంటుంది. పెన్ను అవసరం ఎంతుందో అప్పుడే తెలిసిపోతుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, రెండు గీతలు గీసుకుని. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి విండోస్ 11 నడిచేదే కావాలి. ఇంటెల్ అయితే 8వ తరం కంటే పాతది వద్దు. మ్యాక్ అయితే ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నవి ఎంత చవకైనా వద్దు. వాటికి వచ్చే చివరి సిస్టమ్ మ్యాక్ ఓఎస్ 26 అని యాపిల్ 2025లోనే చెప్పేసింది. 2020 చివర్లో వచ్చిన ఎం1 ఎయిర్‌లో 16 జీబీ రకం దొరికితే ఇప్పటికీ టూడీ డిజైన్‌కి పనికొస్తుంది. మ్యాక్‌బుక్ బ్యాటరీలు 1000 ఛార్జింగ్ సైకిళ్లకి తయారుచేసినవి. సిస్టమ్ రిపోర్ట్‌లో ఆ లెక్క చూసి, 700 దాటితే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా ధరలో కలుపుకోండి. పాత బిజినెస్ లాప్‌టాప్‌లు గట్టిగా ఉంటాయి, కీబోర్డులు చాలా బాగుంటాయి, కానీ వాటిలో చాలా వాటికి తెర బలహీనం. అలాంటిది కొని, మిగిలిన డబ్బుతో 100% ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ ఒకటి గదిలో పెట్టుకుంటే, తక్కువ ఖర్చులో రెండు పనులూ జరుగుతాయి. రంగుల నిర్ణయాలన్నీ ఆ మానిటర్ మీదే చేసుకోవాలన్నది ఒక్కటే నియమం.

స్టోరేజీ 512 జీబీ ఉంటే మొదలుపెట్టొచ్చు. థీసిస్‌కి, డిజైన్ ఫైళ్లకి బ్యాకప్ మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి, ఒకటి బయటి డిస్క్ మీద, ఒకటి క్లౌడ్‌లో.

లాప్‌టాప్ చేతికొచ్చాక వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, ఆ లోపలే దాన్ని గట్టిగా వాడండి. నలుపు నుంచి తెలుపు దాకా మెల్లగా మారే బూడిద రంగు పట్టీని తెర నిండా తెరిచి, మధ్యలో పచ్చదనమో గులాబీ ఛాయో కనిపిస్తుందేమో చూడండి. మీ అతి పెద్ద డిజైన్ ఫైలు తెరిచి, పక్కన వీడియో కాల్ పెట్టి ఒక గంట పని చేయండి. రెండు గంటలు పేపర్లు చదివి కళ్లు ఎలా ఉన్నాయో గమనించండి. ఛార్జర్ లేకుండా ఒక పూర్తి రోజు బయటికి తీసుకెళ్లండి. వీటిలో ఏది సరిగ్గా లేకపోయినా సర్దుకుపోకుండా వెనక్కి ఇచ్చేయండి.